పీల్చకుండానే హీటర్ ఎందుకు ఆన్ అవుతుంది? హీటెడ్ ఏరోసాల్ డివైజ్‌లలో సెన్సార్ నాయిస్ సంగతి

ముందే ఒక మాట. ఈ-సిగరెట్లు, హీట్-నాట్-బర్న్ డివైజ్‌ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ మన దేశంలో 2019 చట్టం ప్రకారం నిషేధం. కాబట్టి ఇది కొనుక్కోమని చెప్పే రివ్యూ కాదు. కానీ ఇంజినీరింగ్ పరంగా ఈ డివైజ్‌లో ఒక మంచి ప్రాబ్లం ఉంది. వేలెడంత ట్యూబ్‌లో లిథియం బ్యాటరీ, ఆంపియర్ల కొద్దీ కరెంట్ తాగే హీటర్, దాని పక్కనే మిల్లీవోల్టులు కొలిచే సెన్సార్. ఈ మూడూ ఒకే చోట ఉంటే గొడవ ఖాయం. ఆ గొడవ పేరే ఎలక్ట్రికల్ నాయిస్. ఇక్కడ అది రీడింగ్ కాస్త తప్పు రావడంతో ఆగదు. జేబులో ఉండగానే హీటర్ ఆన్ అయ్యే దాకా వెళ్తుంది.

లోపల ఏం ఉంటుంది?

ముఖ్యంగా రెండు కొలతలు జరుగుతాయి. మొదటిది ప్రెషర్. మనిషి పీల్చినప్పుడు లోపల ప్రెషర్ కొన్ని వందల పాస్కల్స్ తగ్గుతుంది. సెన్సార్ దాన్ని పట్టుకుంటే మైక్రోకంట్రోలర్ హీటర్‌ని ఆన్ చేస్తుంది. రెండోది టెంపరేచర్. చాలా డిజైన్లలో దీనికి విడిగా సెన్సార్ ఉండదు. వేడెక్కే కొద్దీ కాయిల్ రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి, దాన్ని కొలిచి టెంపరేచర్ లెక్కేస్తారు.

వినడానికి ఈజీగానే ఉంది, లెక్క వేస్తే తెలుస్తుంది కష్టం. 0.5 ఓమ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ తీసుకుందాం. ఒక డిగ్రీ పెరిగితే దాని రెసిస్టెన్స్ దాదాపు 0.09 శాతం, అంటే 0.45 మిల్లీఓమ్ పెరుగుతుంది. 100 మిల్లీఆంపియర్ల టెస్ట్ కరెంట్‌తో కొలిస్తే డిగ్రీకి వచ్చే సిగ్నల్ 45 మైక్రోవోల్టులు మాత్రమే. అంటే 1 మిల్లీవోల్ట్ నాయిస్ కలిసినా రీడింగ్ 22 డిగ్రీలు తప్పుతుంది.

అసలు విలన్ గ్రౌండ్

నాయిస్ అనగానే మనకి రేడియో తరంగాలు, ఫోన్ సిగ్నల్ గుర్తొస్తాయి. ఇక్కడ పెద్ద దొంగ ఇంట్లోనే ఉంటాడు. 3.7 వోల్టుల బ్యాటరీకి 0.5 ఓమ్ కాయిల్ తగిలిస్తే దాదాపు 7 ఆంపియర్లు పారతాయి. ఆ కరెంట్ బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో 5 మిల్లీఓమ్‌లు రెసిస్టెన్స్ ఉందనుకోండి. 35 మిల్లీవోల్టులు అక్కడే పుడతాయి. సెన్సార్ గ్రౌండ్ కూడా అదే దారిని వాడుకుంటే, సెన్సార్ సున్నా అనుకునే పాయింటే 35 మిల్లీవోల్టులు జరిగిపోతుంది.

ఇప్పుడు పీల్చినప్పుడు వచ్చే సిగ్నల్ 50 మిల్లీవోల్టులు, ఆన్ చేసే హద్దు 30 అనుకుందాం. ఏదో కారణంగా హీటర్ ఒక్కసారి ఆన్ అయింది. వెంటనే గ్రౌండ్ 35 జరిగింది. మైక్రోకంట్రోలర్‌కి అది "ఇంకా పీలుస్తున్నారు" అన్నట్టే కనిపిస్తుంది. హీటర్ వల్ల సిగ్నల్, సిగ్నల్ వల్ల హీటర్. ఎవరూ పీల్చకపోయినా అది ఆగదు.

మందు సింపుల్. హీటర్ కరెంట్ తిరిగి వెళ్లే దారి వేరు, సెన్సార్ గ్రౌండ్ దారి వేరు. రెండూ బ్యాటరీ మైనస్ దగ్గర ఒక్క పాయింట్‌లో మాత్రమే కలవాలి. కాయిల్ కొలతకి నాలుగు వైర్ల పద్ధతి వాడాలి: కరెంట్ పంపే జత వేరు, వోల్టేజ్ చూసే జత వేరు. అప్పుడు వైర్లు, కనెక్టర్ల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. సెన్సార్ చిప్ పవర్ పిన్‌కి ఆనుకుని 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టడం కూడా తప్పనిసరి.

ఎప్పుడు కొలుస్తున్నాం?

నాకు బాగా నచ్చే ట్రిక్ ఇది, పైగా పైసా ఖర్చు లేదు. హీటర్ పవర్‌ని పీడబ్ల్యూఎంతో, అంటే వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ కంట్రోల్ చేస్తారు. 1000 హెర్ట్జ్ అయితే ఒక్కో సైకిల్ 1 మిల్లీసెకండ్. 80 శాతం ఆన్ ఉంటే మిగతా 200 మైక్రోసెకండ్లు హీటర్ ఆఫ్‌లో ఉంటుంది. ఆ గ్యాప్‌లో హీటర్ కరెంట్ లేదు, గ్రౌండ్ జరగడం లేదు. ఆఫ్ అయ్యాక సిగ్నల్ కుదుటపడటానికి 50 మైక్రోసెకండ్ల పైన ఆగి, అప్పుడు రీడింగ్ తీసుకోవాలి. ఇందాకటి గొలుసు ఇక్కడే తెగిపోతుంది.

ఇలా కాకుండా మన ఇష్టమొచ్చినట్టు సెకనుకి 990 సార్లు కొలిచామనుకోండి. 1000కి, 990కి మధ్య తేడా 10 కాబట్టి, రీడింగ్‌లో 10 హెర్ట్జ్‌తో మెల్లగా ఊగే ఒక దొంగ సిగ్నల్ కనిపిస్తుంది. అది నిజమైన మార్పులాగే ఉంటుంది. ఒకసారి డేటాలోకి వచ్చాక కోడ్‌లో దాన్ని విడదీయడం చాలా కష్టం.

పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోదా?

సరిపోదు, కొన్నిసార్లు పని చెడుతుంది కూడా. 10 కిలోఓమ్, 100 నానోఫారడ్ ఫిల్టర్ టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకండ్. 200 మైక్రోసెకండ్ల గ్యాప్‌లో అది కుదుటపడదు. 35 మిల్లీవోల్టుల పల్స్‌ని నున్నగా చేసి దాదాపు 28 మిల్లీవోల్టుల స్థిరమైన తప్పుగా మారుస్తుంది, అంతే. అదే 1 కిలోఓమ్, 10 నానోఫారడ్ అయితే 10 మైక్రోసెకండ్లు. ఐదు రెట్లు ఆగినా 50లో పని అయిపోతుంది. పైగా స్విచింగ్ అంచుల దగ్గర వచ్చే పదునైన స్పైక్‌లు కూడా అణుగుతాయి.

కోడ్ చేయాల్సిన పని

నేను సాఫ్ట్‌వేర్ వాడినే అయినా చెప్తున్నా: ఫిల్టర్ కోడ్‌ది ఆఖరి వరస. 16 రీడింగ్‌ల సగటు తీస్తే యాదృచ్ఛికమైన నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది. గ్రౌండ్ వల్ల వచ్చిన 28 మిల్లీవోల్టుల తప్పు మాత్రం సగటు తీసినా 28గానే ఉంటుంది. అందుకే హార్డ్‌వేర్ శుభ్రం చేశాకే ఇవి:

- ముందు మీడియన్, తర్వాత సగటు. ఒక్క స్పైక్ వచ్చినా మీడియన్ దాన్ని పక్కన పెట్టేస్తుంది.
- రెండు హద్దులు. 30 దాటితే ఆన్, 15 కిందకి వస్తేనే ఆఫ్. లేదంటే హద్దు దగ్గర హీటర్ మిణుకుమిణుకుమంటుంది.
- బేస్‌లైన్‌ని మెల్లగా సరిచేయాలి. లిఫ్ట్‌లో 30 మీటర్లు ఎక్కితే గాలి ప్రెషర్ దాదాపు 360 పాస్కల్స్ తగ్గుతుంది, ఇంచుమించు పీల్చినంత! కాబట్టి ఎంత తగ్గిందన్నదే కాదు, ఎంత వేగంగా తగ్గిందన్నదీ చూడాలి.
- సెన్సార్ ఏం చెప్పినా 10 సెకన్లు దాటితే హీటర్ ఆఫ్. వీలైతే ఈ పని కోడ్ హ్యాంగ్ అయినా ఆగని హార్డ్‌వేర్ టైమర్‌కి ఇవ్వాలి.

మీరు ట్రై చేయాలంటే

దీనికి నిషేధం ఉన్న డివైజ్ అక్కర్లేదు. 3డీ ప్రింటర్ హాట్ ఎండ్‌లోనూ ఇదే కథ: హీటర్, దాని పక్కనే థర్మిస్టర్, మధ్యలో మాస్‌ఫెట్. హీటర్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్ చేసిన వెంటనే ఒకసారి థర్మిస్టర్ రీడింగ్‌లు లాగ్ చేసి గ్రాఫ్ గీయండి. హాట్ ఎండ్ మెల్లగా చల్లారుతుంది, క్షణంలో చల్లారదు. కాబట్టి హీటర్ ఆఫ్ అయిన క్షణంలోనే గ్రాఫ్‌లో మెట్టు దిగినట్టు మార్పు కనిపిస్తే, అది టెంపరేచర్ కాదు, గ్రౌండ్. ముందు వైరింగ్ మార్చండి, తర్వాత కోడ్ తెరవండి.