క్రిస్మస్: చిన్నప్పుడు కొత్త బట్టలు, కేక్.. మరి వయసు పెరిగే కొద్దీ?

డిసెంబర్ వచ్చిందంటే అబిడ్స్, నాంపల్లి వైపు సందడే వేరు. గన్‌ఫౌండ్రీలో 1870ల నాటి సెయింట్ జోసెఫ్ కేథడ్రల్, అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ చర్చి లైట్లతో వెలిగిపోతాయి. మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీలో ప్లమ్ కేక్ కోసం జనం కనిపిస్తారు. ఏటా అదే చర్చి, అవే గంటలు, అదే 25వ తేదీ. కానీ ఒకే బెంచీ మీద కూర్చున్న 7 ఏళ్ల మనవడికి, 70 ఏళ్ల నానమ్మకి క్రిస్మస్ ఒకటి కాదు. ఎందుకలా?

చిన్నప్పుడు: ఎదురుచూపే పండగ

నాన్న నిచ్చెన ఎక్కి ఇంటిపై స్టార్ కడతాడు. కింద పశువుల పాక, స్కూల్లో సెమీ క్రిస్మస్, కొత్త బట్టలు. ఏడాదంతా ఎదురుచూపులే. ఇందులో ఓ చిన్న లెక్క ఉంది. 5 ఏళ్ల పిల్లలకి ఒక ఏడాది అంటే జీవితంలో ఐదో వంతు. 50 ఏళ్ల వాళ్లకి యాభయ్యో వంతు. అందుకేనేమో పిల్లలకి డిసెంబర్ ఎంతకీ రాదు.. పెద్దలకి మాత్రం 'అప్పుడే వచ్చేసిందా' అనిపిస్తుంది.

టీనేజ్‌లో: ఫ్రెండ్సే పండగ

రాత్రిళ్లు ఇంటింటికీ క్యారల్స్, గిటార్, పాటల ప్రాక్టీస్. ఇంట్లో గిఫ్ట్ కంటే బయట గ్యాంగ్ ముఖ్యం.

ఉద్యోగం, పెళ్లి తర్వాత: ఇప్పుడు ఇచ్చేది మనమే

నిచ్చెన ఎక్కేది ఇక మీరే. పిల్లల బట్టలు, అమ్మకి చీర, చుట్టాలకి భోజనాలు, నెలాఖరు ఖర్చులు. తెలంగాణలో 26న కూడా సెలవే, కానీ అందరికీ కాదు. నాంపల్లి రైల్వే స్టేషన్‌లో, ఆస్పత్రుల్లో, హోటళ్లలో ఆ రాత్రి డ్యూటీలు ఉంటాయి. లూకా సువార్త ప్రకారం యేసు పుట్టిన వార్త మొదట అందింది కూడా రాత్రి కాపలాలో ఉన్న గొర్రెల కాపరులకే!

పెద్ద వయసులో: పక్కన ఎవరున్నారు?

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ సైకాలజిస్ట్ లారా కార్‌స్టెన్సన్ దీన్ని వివరించారు. ముందు చాలా టైమ్ ఉందనుకున్నప్పుడు కొత్త మనుషులు, కొత్త అనుభవాల కోసం చూస్తాం. ఉన్న టైమ్ తక్కువ అనిపించినప్పుడు మనసుకి దగ్గరైన కొద్దిమందే కావాలనిపిస్తుంది. అందుకే నానమ్మ కళ్లు కేక్ మీద ఉండవు, గుమ్మం వైపు ఉంటాయి.

కానీ పిల్లలు దూరంగా ఉంటే? ఇక్కడ అర్ధరాత్రి 12కి క్రిస్మస్ గంటలు మోగేటప్పుడు న్యూయార్క్‌లో ఇంకా 24వ తేదీ మధ్యాహ్నం ఒకటిన్నర. పిల్లలు పనిలో ఉంటారు. వాళ్లు ఖాళీ అయ్యేసరికి ఇక్కడ తెల్లారిపోతుంది. నిచ్చెన ఎక్కేవాళ్లు లేక స్టార్ అటక మీదే ఉండిపోతుంది.

బైబిల్‌లోని క్రిస్మస్ కథలో పెద్దవాళ్లు కూడా ఉన్నారు. అన్న అనే వృద్ధురాలు ఆలయంలో పసిబిడ్డ యేసుని చూసి దేవుడికి కృతజ్ఞతలు చెబుతుంది. ఆవిడ అడిగిందేమీ లేదు, చూడటమే చాలు.

ఈసారి ఏం చేయొచ్చు?

ఊళ్లో ఉంటే ఆ స్టార్ కిందికి దించి కట్టండి. దూరంగా ఉంటే మీ టైమ్‌కి కాదు, వాళ్ల టైమ్‌కి వీడియో కాల్ చేయండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లనీ మర్చిపోవద్దు. గిఫ్ట్ ఏం కావాలని అడక్కండి.. చర్చికి ఎన్నింటికి వెళ్దామని అడగండి.