పిడుగుల వేళ తెఱచిన తలుపు

వేసవి చివరను మన కొండలపై మధ్యాహ్నము వఱకు ఎండ మండిపోవుచుండును. అంతలో ఒక మూల నల్లని మబ్బు లేచును. గాలి స్తంభించును, పిదప దుమ్మెగురును, చూచుచుండగనే ఆకాశము బ్రద్దలైనట్లు ఉఱుములును మెఱుపులును క్రమ్ముకొనును. ఆ సమయమున సంతనుండి మరలువారును, పొలములలో పని చేయువారును, పశువులను మేపువారును ఎవరి వాకిట నిలిచిన వారికి అతిథులగుదురు. వారి పేరు తెలియదు, ఊరు తెలియదు, ఒక్కొక్కప్పుడు భాషయు తెలియదు. అయినను తలుపు తీసి “లోనికి రండు” అనువారు మన దసమంతపూర్ ప్రాంతమున కలరు. ఈ చిన్న మర్యాద ఎంత పెద్ద రక్షణమో, దానిని ఏ విధముగా చేసిన సఫలమగునో ఇచట విచారింతము.

దక్షిణదేశమున వైష్ణవులు తరతరములుగా చెప్పుకొను కథ ఒకటి కలదు. తమిళదేశమందలి తిరుక్కోయిలూరులో ఒక చీకటిరాత్రి పెనువాన కురియుచుండగా పొయిగయాళ్వారు ఒక యింటి నడవలో తలదాచుకొనెను. ఆ చోటు ఒకరు పండుకొనుటకు మాత్రమే చాలును. కొంతసేపటికి పూదత్తాళ్వారు వచ్చెను. ఒకరు పండుకొనుచోట ఇద్దరు కూర్చుండవచ్చునని ఇద్దరును కూర్చుండిరి. పిమ్మట పేయాళ్వారు వచ్చెను. ఇద్దరు కూర్చుండుచోట ముగ్గురు నిలువవచ్చునని ముగ్గురును నిలిచిరి. అంతకుముందు వారు ఒకరినొకరు ఎఱుగరు. ఆ యిఱుకులో నాలుగవవాడెవడో తమ నడుమ చేరినట్లు వారికి తోచెననియు, ఆతడు భగవంతుడే యనియు కథ. చోటు చాలదనుట గదిని బట్టి కాక మనసును బట్టి యుండునని దీనివలన మనము గ్రహింపవచ్చును.

ఉఱుము వినబడగనే “అర్జునా, ఫల్గుణా” అని తలచుకొనుమని మన తెలుగు ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పుదురు. విరాటపర్వమున కౌరవసేనను చూచి బెదరిన ఉత్తరకుమారునకు బృహన్నల తాను అర్జునుడనని తెలిపి, తన పది నామములను చెప్పి, భయమును పోగొట్టెను. బెదరినవానికి ధైర్యము చెప్పు మాట ఎప్పుడును వ్యర్థము కాదు. కాని నామస్మరణము గుండెదడను ఆపునే గాని పిడుగును ఆపదు. కనుక ధైర్యమునకు తోడు తెలివియు కావలెను.

పిడుగనగా నేమి? బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలి వేడెక్కి, తూర్పుకనుమల వాలులను ఎగబ్రాకి, 12 మొదలు 15 కిలోమీటర్ల ఎత్తు వఱకు పెరుగు మేఘమగును. ఆ మేఘములో మంచుపలుకులును చిన్న వడగండ్లును ఒకదానితో నొకటి ఒరసికొనగా, తేలికయైనవి ధనవిద్యుత్తుతో పైకిని, బరువైనవి ఋణవిద్యుత్తుతో క్రిందికిని చేరును. ఈ భేదము గాలి ఓర్వలేనంత యైనప్పుడు విద్యుత్తు ఒక్కపెట్టున నేలకు దూకును. అదియే పిడుగు. అది పోవు దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించుటచే పుట్టు ధ్వనియే ఉఱుము. ధ్వని కిలోమీటరు దూరము నడచుటకు సుమారు 3 సెకండ్లు పట్టును. మెఱుపు కనబడిన పిదప 30 సెకండ్లలోపల ఉఱుము వినబడినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపలనే పడినదని తెలియవలెను. వెంటనే ఇంటిలోనికి చేరవలెను. చివరి ఉఱుము వినబడిన తరువాత 30 నిమిషముల వఱకు వెలుపలికి రారాదు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున పిడుగుపాటువలన 2,887 మంది మరణించిరి. ఒడిశా ప్రభుత్వము 2015లో పిడుగుపాటును రాష్ట్ర విపత్తులలో చేర్చినది. 2025 మే 16న మన కోరాపుట్ జిల్లాలోనే లక్ష్మీపూర్ ప్రాంతమున, పొలములో పని చేయుచున్న ఒకే కుటుంబపు స్త్రీలు ముగ్గురు వానకు ఒక తాత్కాలికపు గుడిసెలో తలదాచుకొని, అచ్చటనే పిడుగుపాటునకు గురియై మరణించిరి. వారిని తప్పు పట్టుటకు వీలులేదు. దగ్గఱ దొరకిన కప్పు క్రిందికే ఎవరైనను పరుగిడుదురు. కాని వానను ఆపు కప్పులన్నియు పిడుగును ఆపవు. గడ్డిగుడిసె ఆపదు, మంచె ఆపదు, చెట్టు అసలే ఆపదు. ఎత్తైన చెట్టుపై పిడుగు పడినచో, క్రింద నిలిచినవాని మీదికి అది ప్రక్కకు దూకగలదు. ఇటుకగోడలును కాంక్రీటు కప్పును గల యిల్లు, బడి, లోహపు కప్పుగల బస్సు లేక కారు మాత్రమే నమ్మదగినవి. అట్టి యింటిలో పిడుగు తఱచుగా తీగలగుండను గొట్టములగుండను నేలకు పోవును. అందుచేత ఉఱుముచున్నంతసేపు కొళాయిని, విద్యుత్ పరికరములను ముట్టరాదు.

ఇందుండి మన కర్తవ్యము స్పష్టమగుచున్నది. పక్కా ఇల్లు గలవారు తలుపు మూసికొని లోపల కూర్చుండుట చాలదు. ఎదుటి మఱ్ఱిచెట్టు క్రింద నిలిచిన బాటసారిని కేక వేసి పిలువవలెను. తడిసిన కాళ్లతో గచ్చు పాడగునని వెనుదీయరాదు. ఘాటురోడ్డుపై పోవు బస్సు, దారిప్రక్క నిలిచినవారిని ఎక్కించుకొనవలెను.

దరిదాపుల ఇల్లే లేనిచో నేమి చేయవలెను? భయపడినప్పుడు గుంపుగూడుట మనుష్యస్వభావము. కాని బయట అది అపాయకరము. పిడుగు పడినచోటినుండి విద్యుత్తు నేలవెంట నలుప్రక్కలకు ప్రాకును. పశువుల కాళ్లు దూరదూరముగా నుండుటచేతనే వానికి హాని ఎక్కువ. కనుక చెట్లకును, నీటికిని, ఇనుపకంచెలకును దూరముగా పోయి, పాదములు రెండును చేర్చి గొంతుకూర్చుండవలెను. ఒకరికొకరు ఎడముగా నుండవలెను. అచ్చట ఎడముగా నుండుటయే దయ. ఇది పూర్తి రక్షణము కాదు, వేఱుదారి లేనప్పటి ఉపాయము మాత్రమే.

పిడుగు తగిలినవాని దేహమున విద్యుత్తు నిలిచియుండునని భయపడి కొందఱు దగ్గఱకు పోరు. ఇది భ్రమ, వానిని ముట్టినవారికి షాకు తగులదు. పిడుగు తగిలినవారందఱును మరణింపరు. గుండె ఆగినవాని రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మారులు గట్టిగా అదుముచు, 108 అంబులెన్సును పిలిపింపవలెను. కొన్నిచోట్ల చేయునట్లు పేడలో పాతిపెట్టుట ప్రాణము నిలుపు నిమిషములను పోగొట్టుకొనుటయే. దారిన పోవు అపరిచితుని చేతులు ఆ క్షణమున వైద్యుని చేతులతో సమానము.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడుటకు పూర్వము మన కోరాపుట్ ప్రాంతము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. హద్దులు మాఱినను మనుష్యులు కలిసియే యున్నారు. ఒడియా, తెలుగు, కువి, పరజ, దేశియా మాటలు ఒకే సంతలో వినబడును. మన బడిలోని పిల్లలు “లోనికి రండు” అను మాటను తెలుగున మాత్రమే గాక, “భితరకు ఆసంతు” అని ఒడియాలోను అనగలుగవలెను. ప్రక్కయింటివారిని అడిగి కువిలోను నేర్చుకొనవలెను.

విద్యార్థులారా! మేము కోరునది కొంచెమే. ఈ సంగతులను నేడే ఇంటివద్ద పెద్దలకు చదివి వినిపింపుడు. మీ ఊరిలో పిడుగుల వేళ చేరదగిన పక్కా కట్టడము ఏదో, మీ పొలమునుండి అచ్చటికి ఎన్ని నిమిషముల నడకయో చూచి యుంచుకొనుడు. రేపు మబ్బు కమ్మినప్పుడు ఆ దారి తెలియని క్రొత్తవారు మీకు ఎదురుపడవచ్చును. వారిని వెంటబెట్టుకొని పొండు.