కోళ్ల గూట్లోకి పాము దూరకుండా

తెల్లారగట్ల గుడ్ల కోసం గూట్లో చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా ఏదో తగిలితే? నాటుకోళ్లు పెంచే ఇళ్లలో ఆడవాళ్లకు ఈ భయం కొత్తది కాదు.

గూడు కట్టించేటప్పుడు మనం పిల్లినీ, ముంగిసనూ తలుచుకుంటాం గానీ పామును మరిచిపోతాం. బజార్లో దొరికే ఆరు మూలల కోళ్ల వల కన్ను అంగుళం దాకా ఉంటుంది. సన్నపాటి పాము అందులోంచి దూరుతుంది. గుడ్డో, కోడిపిల్లో మింగాక పొట్ట ఉబ్బి బయటికి రాలేక అక్కడే చుట్ట చుట్టుకుంటుంది. అసలు ప్రమాదం అదే.

అందుకని అరంగుళం కన్నున్న వెల్డెడ్ మెష్ వాడాలి. ధర ఎక్కువే, కాదనం. రెండు వైపులా సందు లేకుండా చెక్క కొట్టి, ఎదురెదురుగా మిగతా రెండు వైపులా మెష్ బిగిస్తే ఖర్చు తగ్గుతుంది, గాలీ ఆడుతుంది. తలుపు కింద వేలు పట్టే సందున్నా ఇంత ఖర్చూ దండగే. గూటిని రెండడుగుల ఎత్తు కాళ్ల మీద నిలబెడితే కింద ఊడ్చుకోవచ్చు.

చాలాసార్లు పాము వచ్చేది ఎలుక కోసం. నూకలు, తౌడు రాత్రికి మిగల్చకండి. కట్టెల మోపు గూటికి దూరంగా వేయండి.

టార్చి వేసి చూశాకే చెయ్యి పెట్టాలి. పాము కనబడితే కొట్టకుండా అటవీ శాఖ వారికి కబురు చేయండి. జెర్రిపోతుకైతే విషం లేదు. ఏ పాము కరిచినా మంత్రాలు, కోతలు, కట్లు అనకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గూట్లో తిరిగే బల్లిని మాత్రం ఉండనివ్వండి, పురుగుల్ని తింటుంది.