శునక జాతుల వర్గీకరణ: ప్రయోజనాలు, పరిమితులు

పెంపుడు శునకాలన్నీ ఒకే జీవజాతికి చెందినవి. 1758లో లిన్నేయస్ ఈ జీవజాతికి కేనిస్ ఫెమిలియారిస్ అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. అరచేతిలో ఇమిడే చువావా పిల్లకు, దూడంత పెరిగే గ్రేట్ డేన్‌కు మధ్య ఉన్న ఈ వైవిధ్యానికి ప్రధాన కారణం మానవుని ఎంపికే. తన అవసరానికి తగిన లక్షణాలు గల శునకాలనే అతడు తరతరాలుగా ఎంచి సంపర్కం చేయించాడు. పశువులను పాడి జాతులు, పని జాతులు, ఉభయ ప్రయోజన జాతులు అని విభజించినట్లే శునక జాతులను కూడా ముఖ్యంగా అవి చేసే పనిని బట్టి వర్గాలుగా చేర్చారు. ఈ వర్గాల అర్థం తెలిస్తే శునకాన్ని ఎంచుకోవడంలోనూ, పోషణ, చికిత్సలలోనూ పొరపాట్లు తగ్గుతాయి.

వర్గీకరణ చరిత్ర

ఇంగ్లండుకు చెందిన వైద్యుడు జాన్ కైయస్ 1570లో లాటిన్ భాషలో ప్రచురించిన గ్రంథంలో ఆ దేశపు శునకాలను వేటకు ఉపయోగపడేవి, మంద కాపలా వంటి అవసరాలకు ఉపయోగపడేవి, మిగిలిన సామాన్యమైనవి అని విభజించాడు. జాతి అనే భావన నేటి రూపంలో స్థిరపడింది మాత్రం 19వ శతాబ్దంలోనే. శునక ప్రదర్శనలు పెరగడంతో వంశావళి నమోదుకు 1873లో ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్, 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఏర్పడ్డాయి. 1911లో ఐదు ఐరోపా దేశాలు కలిసి అంతర్జాతీయ శునక సమాఖ్యను (ఎఫ్.సి.ఐ.) స్థాపించాయి. బ్రిటిష్, అమెరికన్ సంస్థలు ఏడేసి వర్గాలను, అంతర్జాతీయ సమాఖ్య పది వర్గాలను పాటిస్తున్నాయి.

అంతర్జాతీయ సమాఖ్య పది వర్గాలు

1. గొర్రెల, పశువుల మందలను కాచేవి: జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ.
2. పిన్షర్, ష్నౌజర్, భారీకాయ కాపలా జాతులు, స్విస్ పర్వత శునకాలు: డాబర్‌మన్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్.
3. టెర్రియర్లు: కలుగుల్లోని జంతువులను, ఎలుకలను పట్టడానికి పెంచినవి. ఉదాహరణ ఫాక్స్ టెర్రియర్.
4. డాక్స్‌హుండ్‌లు: పొట్టి కాళ్లు, పొడవైన నడుము గలవి.
5. స్పిట్జ్, ఆదిమ తరహా శునకాలు: సైబీరియన్ హస్కీ, పొమేరియన్, బసెంజి.
6. వాసన పట్టి వేటాడేవి: బీగిల్, బ్లడ్‌హౌండ్.
7. వేటపక్షి ఉన్న చోటును నిలబడి చూపేవి: పాయింటర్, సెట్టర్.
8. పక్షులను లేపేవి, కూలిన పక్షిని తెచ్చి ఇచ్చేవి, నీటిలో పనిచేసేవి: లాబ్రడార్, కాకర్ స్పానియల్.
9. తోడు కోసం పెంచేవి: పగ్, పూడిల్, చువావా.
10. చూపుతో వేటను గుర్తించి వేగంతో తరిమేవి: గ్రేహౌండ్, సలూకీ.

ఒకే జాతి, వేర్వేరు వర్గాలు

ఈ వర్గాలు ప్రకృతి గీసిన గీతలు కావు. డాల్మేషియన్‌ను అంతర్జాతీయ సమాఖ్య వాసన పట్టే వేటకుక్కలతో చేర్చగా, అమెరికన్ క్లబ్ వేటేతర వర్గంలో ఉంచింది. పొమేరియన్ ఒక చోట స్పిట్జ్, మరొక చోట చిట్టి శునకం. అమెరికాలో మంద కాపరి జాతులు 1983 వరకు శ్రామిక వర్గంలోనే ఉండి, ఆ తరువాత ప్రత్యేక వర్గమయ్యాయి. శునకాలలో మార్పేమీ రాలేదు. వాటిని చూసే దృష్టి మాత్రమే మారింది.

జన్యు పరిశోధనల నిర్ధారణ

2004లో 85 జాతుల డి.ఎన్.ఎ.ను పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్తలు, పనిని బట్టి చేసిన విభజన కొంతవరకే రక్తసంబంధంతో సరిపోతుందని చూపారు. చూపుతో వేటాడే అఫ్ఘాన్ హౌండ్, సలూకీ జాతులు అకిటా, హస్కీ వంటి ప్రాచీన జాతుల సరసన చేరగా, అదే వేట చేసే గ్రేహౌండ్ మాత్రం కోలీ వంటి కాపరి జాతులకు దగ్గరగా కనిపించింది. ఒకే పనికి వేర్వేరు వంశాల నుండి ఒకే తరహా దేహం రూపొందవచ్చునని దీని భావం.

స్వభావం విషయంలోనూ జాగ్రత్త అవసరం. 18,385 శునకాల యజమానుల నుండి సమాచారం సేకరించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, శునకాల ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వల్ల కలిగేవి సుమారు 9 శాతమేనని తేలింది. కాబట్టి వర్గం ఒక శునకం ఎలాంటి పనికి మొగ్గు చూపవచ్చో సూచిస్తుందే తప్ప, దాని స్వభావానికి హామీ ఇవ్వదు.

చికిత్సలో వర్గం పాత్ర

కోలీ, షెట్‌లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి కాపరి జాతులలో ఎం.డి.ఆర్.1 అనే జన్యువులో లోపం తరచుగా కనిపిస్తుంది. ఈ లోపం ఉన్నప్పుడు, పశువులలో పరాన్నజీవుల నివారణకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ శునకం మెదడులోకి చేరి తూలుడు, వణుకు, స్పృహ కోల్పోవడం, చివరకు మరణం కూడా కలిగించవచ్చు. ఇదే లోపం పరుగు జాతులను పోలిన పొడవు వెంట్రుకల విప్పెట్‌లోనూ బయటపడింది. అంటే రూపాన్ని, వర్గాన్ని మాత్రమే నమ్మి మందు ఇవ్వడం క్షేమం కాదు. పశువుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్‌ను పశువైద్యుని సలహా లేకుండా ఏ శునకానికీ వాడరాదు.

గ్రేహౌండ్ దేహంలో కొవ్వు తక్కువ. థయోపెంటోన్ వంటి మత్తుమందులు దాని కాలేయంలో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. అందువల్ల అది మత్తు నుండి ఆలస్యంగా తేరుకుంటుంది. డాక్స్‌హుండ్‌లలో వెన్నుపూసల మధ్య బిళ్లలు జారే సమస్య, పగ్‌లలో శ్వాస ఇబ్బంది ఎక్కువ. పగ్‌ను ఎండ వేళ బయట తిప్పడం ప్రమాదకరం.

దేశీయ జాతులు, కొల్లేటి జాగిలం

మన దేశంలో జాతుల నమోదు బాధ్యత కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థది. శునకాలలో మొదట నమోదైనవి తమిళనాడుకు చెందిన రాజపాలయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ హౌండ్. తెలుగు నేల జాతి ఏదీ ఆ తొలి జాబితాలో లేదు.

కొల్లేరు పరిసరాలలోనూ, కోస్తా ఆంధ్రలోనూ కనిపించే జోనంగి శునకాన్ని కొల్లేటి జాగిలం అని కూడా పిలుస్తారు. దీని వెంట్రుకలు చాలా పొట్టిగా, నున్నగా ఉంటాయి. నుదుటిపై ముడతలు కనిపిస్తాయి. ఇది సాధారణ శునకంలా మొరగడం కంటే సాగదీసిన గొంతుతో కూయడం ఎక్కువ. బాతుల పెంపకందారులు బాతుల మందను తోలడానికి, కాయడానికి దీనిని ఉపయోగించేవారు. వేటలోనూ ఇది తోడ్పడేది. బాతులను తోలడాన్ని బట్టి చూస్తే ఇది మొదటి వర్గానికి, రూపాన్ని, గొంతును బట్టి చూస్తే బసెంజి ఉన్న ఐదవ వర్గానికి దగ్గరగా ఉంటుంది. అయితే అంతర్జాతీయ సమాఖ్య జాబితాలో దీనికి ఏ వర్గంలోనూ స్థానం లేదు.

కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువులు విస్తరించడంతో జోనంగి చేసే పని తగ్గిపోయింది. ఆదరణ కోల్పోయిన శునకాలు చెరువుల్లో చేపలకు అలవాటు పడి రైతుల ఆగ్రహానికి గురయ్యాయి. వీధి కుక్కలతో కలిసిపోవడం వల్ల జాతి లక్షణాలూ పలచబడతాయి.

ఇటువంటి జాతిని నిలబెట్టాలంటే ముందుగా దాని స్వస్థలం, సంఖ్య, దేహ కొలతలు, చేసే పని, తరతరాలకు నిలకడగా సంక్రమించే లక్షణాలను నమోదు చేయాలి. బాతుల పెంపకందారుల వద్ద మిగిలిన శుద్ధమైన ఆడ, మగ జోనంగులను గుర్తించి, దగ్గరి రక్తసంబంధం లేని వాటినే జతపరచాలి. ఆ జాగిలం బాతులను తోలుతున్నప్పుడు చూసిన పెద్దలు ఉండగానే వారి అనుభవాన్ని కూడా గ్రంథస్థం చేయాలి. పశువైద్య కళాశాలలు, పశుసంవర్ధక శాఖ, పెంపకందారులు కలిసి ఈ పనికి పూనుకోవడం అవసరం.