సూర్యగ్రహణ యాత్ర

సూర్యగ్రహణ యాత్ర అనగా సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఖగోళ శాస్త్రాభిమానులు బృందంగా ఏర్పడి, గ్రహణం కనిపించే ప్రదేశానికి చేసే ప్రయాణం. ఆ ప్రదేశం చాలాసార్లు పరదేశమే అవుతుంది. వేధశాలల తరఫున వెళ్ళే శాస్త్రజ్ఞుల యాత్రలు వేరు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ తీరిక వేళల్లో ఆకాశాన్ని పరిశీలించేవారు సంఘంగా కూడి, సొంత ఖర్చుతో చేసే యాత్రలు వేరు. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ రకం యాత్రల గురించినది. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనదొకటి 1898లో మన దేశానికే వచ్చింది.

ప్రయాణం ఎందుకు అవసరం

సంవత్సరానికి కనీసం రెండు సూర్యగ్రహణాలు వస్తాయి. అయితే సంపూర్ణ గ్రహణం భూమిమీద ఎక్కడో ఒకచోట కనిపించేది సగటున ఏడాదిన్నరకు ఒకసారి మాత్రమే. అప్పుడు కూడా చంద్రుని ప్రచ్ఛాయ భూమిమీద ఒక సన్నని పట్టీలాగా సాగిపోతుంది. ఆ పట్టీ వెడల్పు సాధారణంగా 100 నుండి 250 కిలోమీటర్లు ఉంటుంది. కనుక ఏదైనా ఒక ఊరిని తీసుకుంటే, అక్కడ సంపూర్ణ గ్రహణం సగటున 375 సంవత్సరాలకు ఒకసారి వస్తుందని లెక్క. ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తే ఒక జీవితకాలం సరిపోదు.

పాక్షిక గ్రహణంతో తృప్తి పడవచ్చును కదా అని చాలామంది అడుగుతారు. సూర్యబింబం 99 శాతం కప్పబడినా మిగిలిన ఒక్క శాతం వెలుగు, సూర్యుని చుట్టూ ఉండే కరోనా వెలుగు కంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ. కాబట్టి కరోనా కనిపించదు, పగటిపూట నక్షత్రాలు కనిపించవు, దిక్కులన్నింటా సంధ్యారాగం కనిపించదు. పట్టీకి పది కిలోమీటర్లు బయట నిలబడినవాడు గ్రహణాన్ని చూశానని చెప్పుకోవచ్చును గాని, యాత్రికులు దేనికోసం వెళ్తారో దానిని మాత్రం చూడలేదనే చెప్పాలి.

గ్రహణాలు కుటుంబాలుగా వస్తాయి. 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు ఒకసారి దాదాపు అదే విధమైన గ్రహణం మళ్ళీ వస్తుంది. దీనిని సారోస్ చక్రం అంటారు. చివరనున్న ఆ 8 గంటల మూలంగా భూమి మూడవ వంతు అదనంగా తిరిగి, గ్రహణ మార్గం పడమటికి జరుగుతుంది. 1973లో ఆఫ్రికా మీదుగా పోయిన గ్రహణమే 1991లో హవాయి, మెక్సికోలలోను, 2009లో భారతదేశం, చైనాలలోను కనిపించింది. 2027 ఆగస్టు 2న దాని మార్గం తిరిగి ఉత్తర ఆఫ్రికా మీదుగా, ఈజిప్టులోని లక్సర్ సమీపం నుండి సాగుతుంది. గ్రహణాల వెంట తిరిగేవారు ఒక దేశంలో చూసిన గ్రహణానికి బంధువును మరొక ఖండంలో కలుసుకున్నట్లు మాట్లాడుకోవటానికి కారణం ఇదే.

తొలి యాత్రలు

ఈ మార్గంలో ఆద్యులలో ఫ్రాన్సిస్ బెయిలీని చెప్పుకోవాలి. ఆయన లండన్‌లో వాటాల వ్యాపారం చేసి విరమించుకున్న వ్యక్తి. 1836లో స్కాట్లండులో వలయ గ్రహణాన్ని చూస్తూ, చంద్రుని అంచునగల లోయల గుండా వచ్చే వెలుగు ముత్యాల వరుసవలె కనిపించటాన్ని వర్ణించాడు. వాటిని నేటికీ బెయిలీ పూసలు అనే అంటారు. సంపూర్ణ గ్రహణం కోసం ఆయన 1842లో ఇటలీలోని పావియా పట్టణానికి వెళ్ళాడు. పూసలను లెక్కించే పనిలో ఉండగా కింద వీధిలోని జనం ఒక్కసారిగా హర్షధ్వానాలు చేయటంతో ఉలికిపడ్డానని, తలెత్తి చూస్తే కరోనా కనిపించిందని ఆయన వ్రాశాడు.

1868 ఆగస్టు 18 నాటి గ్రహణం తెలుగుదేశం మీదుగా పోయింది. ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలోను, ఆ వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను మకాం వేశారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వేడి వాయువులేనని అప్పుడు వర్ణపటం ద్వారా తేలింది. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని జాన్సెన్ మరునాడే గుంటూరులో నిరూపించాడు. వీరంతా వృత్తి రీత్యా వచ్చినవారు.

బ్రిటిష్ సంఘం యాత్రలు

1890లో లండన్‌లో బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ ఏర్పడింది. ఇది ఔత్సాహికుల సంఘం. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1916 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదు. ఈ సంఘంలో మాత్రం మొదటినుండి స్త్రీలు ఉన్నారు.

సంఘం మొదటి పెద్ద యాత్ర 1896 ఆగస్టులో నార్వే ఉత్తర తీరాన గల వాడ్సో అనే ఊరికి సాగింది. సభ్యులు ఓడలో పరికరాలతో అంత దూరమూ పోయి, తీరా సమయానికి మబ్బు పట్టటంతో కరోనాను చూడలేకపోయారు. అదే గ్రహణాన్ని తూర్పున నోవయా జెమ్లియా ద్వీపం నుండి చూసిన మరొక చిన్న బృందానికి ఆకాశం అనుకూలించింది. గ్రహణం సంపూర్ణమయ్యే క్షణంలో మెరిసే వర్ణపటాన్ని విలియం షాకిల్టన్ అక్కడ ఛాయాచిత్రంగా తీయగలిగాడు.

ఇంత జరిగినా సంఘం వెనుకాడలేదు. 1898 జనవరి 22 నాటి గ్రహణానికి సభ్యులు భారతదేశం వచ్చారు. జనవరిలో దక్కను ఆకాశం నిర్మలంగా ఉంటుందన్నది వారి ధైర్యం. మరోవైపు ఆ కాలంలో బొంబాయిలో ప్లేగు వ్యాధి ప్రబలి ఉన్నది. వారు రెండుగా చీలి, కొందరు బేరారులోని తాల్నీ వద్ద (నేటి మహారాష్ట్ర), కొందరు బీహారులోని బక్సర్ వద్ద విడిది చేశారు. ఒకచోట మబ్బు పడితే మరొకచోటనైనా ఫలితం దక్కాలన్నది ఇటువంటి విభజనలోని ఉద్దేశం. ఈసారి ఆకాశం తేటగా ఉన్నది. సంపూర్ణ దశ సుమారు రెండు నిమిషాలు నిలిచింది.

తాల్నీ బృందంలో ఎడ్వర్డ్ మాండర్, ఆయన భార్య ఆనీ మాండర్ ఉన్నారు. ఆనీ గ్రీనిచ్ వేధశాలలో గణకురాలిగా పనిచేసి, 1895లో వివాహం కారణంగా ఉద్యోగం వదులుకోవలసి వచ్చినది. ఒకటిన్నర అంగుళాల చిన్న కటకం గల కెమెరాతో ఆమె తీసిన చిత్రంలో కరోనా నుండి వెలువడిన ఒక పొడవైన కిరణం పడింది. అంతకుముందు ఛాయాచిత్రాలలో చిక్కిన కిరణాలన్నిటికన్న అది పొడవైనది. ఉద్యోగం పోయిన మనిషి, ఒక చిన్న కెమెరా, రెండు నిమిషాల వ్యవధి: ఇవి చాలు అనిపించింది ఆ చిత్రం.

అదే బృందంలోని జాన్ ఎవర్షెడ్ అప్పటికి పారిశ్రామిక రసాయనజ్ఞుడు. ఆకాశ పరిశీలన అతనికి తీరిక వేళ వ్యాపకం. తాల్నీలో అతడు తీసిన వర్ణపట చిత్రాలు శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించాయి. 1907లో అతడు కొడైకెనాల్ వేధశాలలో చేరి, సౌరమచ్చలలో వాయువులు కేంద్రం నుండి వెలుపలికి ప్రవహిస్తాయని 1909లో కనుగొన్నాడు. దానికే ఎవర్షెడ్ ప్రభావమని పేరు.

బక్సర్‌లో నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు గ్రహణాన్ని చలనచిత్రంగా తీశాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ ఫిల్ము దొంగిలింపబడింది. అతడు 1900లో అమెరికాలోని ఉత్తర కరోలినాకు వెళ్ళి మరల తీశాడు. ఈ రెండవ చిత్రం భద్రంగా ఉన్నది. 2019లో దానిని పునరుద్ధరించి విడుదల చేశారు.

బృందంగా వెళ్ళటంలోని ప్రయోజనం

ఖర్చు పంచుకోవటం ఒక కారణమే గాని అది ముఖ్యం కాదు. రెండు మూడు నిమిషాల్లో ఒక్క మనిషి చేయగలిగింది చాలా తక్కువ. ఒకరు దూరదర్శినిలో చూస్తారు, ఒకరు చిత్రాలు తీస్తారు, ఒకరు పడమటి దిక్కు నుండి పరుగెత్తి వచ్చే నీడను గమనిస్తారు, ఒకరు నేలపై పరచిన తెల్లని దుప్పటి మీద కదలాడే నీడల చారలను చూస్తారు. మిగిలిన సెకన్లను బిగ్గరగా చెప్పటానికి ఒకరిని ప్రత్యేకంగా నియమించటం పాతకాలపు ఆనవాయితీ. ఆ పని చేసేవారు గడియారం మీదినుండి చూపు తిప్పరాదు. అంటే వేల మైళ్ళు వచ్చి, మిగిలినవారి కోసం తమ గ్రహణాన్ని చాలావరకు వదులుకున్నట్లే.

మొదటిసారి వెళ్ళేవారికి అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఒకటున్నది. కెమెరాను పక్కన పెట్టి కళ్ళతో చూడమని చెబుతారు. అది వినేవారు తక్కువ. సంపూర్ణ దశకు ముందూ తరువాతా ప్రమాణబద్ధమైన గ్రహణపు కళ్ళద్దాలు తప్పనిసరి. వాటిని తీయవలసింది బింబం పూర్తిగా మూసుకున్న ఆ కొద్దిసేపు మాత్రమే. చివరన వజ్రపుటుంగరంలాగా వెలుగు మెరియగానే మరల ధరించాలి.

మబ్బుతో పోరాటం

గణితజ్ఞులు గ్రహణ సమయాన్ని సెకన్లతో సహా ముందే చెప్పగలరు. మేఘాన్ని చెప్పలేరు. అందుచేత యాత్ర నిర్వాహకులు గ్రహణం ఎక్కువసేపు ఉండే చోటును కాక, గత సంవత్సరాల వాతావరణ వివరాలు చూసి మబ్బు తక్కువగా ఉండే చోటును ఎన్నుకుంటారు. ఓడ ప్రయాణంలో చివరి గంటలో కూడా తేట ఆకాశం కిందికి జరిగే వీలున్నది. 1973 జూన్ 30న కాన్కార్డ్ విమానం శాస్త్రజ్ఞులతో ఆఫ్రికాపై ఎగురుతూ, నీడతో పాటు పరుగెత్తి 74 నిమిషాలపాటు సంపూర్ణ గ్రహణంలోనే ఉన్నది. నేలపై నిలిచినవారికి ఏ గ్రహణమైనా ఏడున్నర నిమిషాలు దాటదు.

2009 జూలై 22 నాటి గ్రహణం ఈ శతాబ్దంలోకెల్లా దీర్ఘమైనది. గరిష్ఠ కాలం 6 నిమిషాల 39 సెకన్లు. అయితే వచ్చినది వర్షాకాలంలో. బీహారులోని తారెగ్నా గ్రామంలో పెద్ద సంఖ్యలో గుమికూడినవారికి మేఘాలే మిగిలాయి. చైనాలోని షాంఘైలో వాన కురిసింది.

తెలుగువారు, గ్రహణ యాత్రలు

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణ మార్గంలో హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాల ఉండటంతో, అక్కడ పరిశీలనలు జరిగాయి. ఆనాడు ఎందరో ఇళ్ళ తలుపులు మూసుకుని లోపలే ఉండిపోయారు. దూరదేశాల వారు ఏ దృశ్యం కోసం సముద్రాలు దాటి వస్తారో అది వాకిట్లోకే వచ్చి పోయింది. 2024 ఏప్రిల్ 8న తెలుగువారు అధికంగా నివసించే డాలస్ నగరం మార్గంలోకి వచ్చింది. అక్కడ మబ్బుల సందుల నుండి సుమారు 4 నిమిషాలపాటు సంపూర్ణ దశ సాగింది.

భారతదేశంలో తరువాతి సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, కాశ్మీరు ప్రాంతంలో కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో అది పాక్షికమే.