రోబో చెయ్యి తాకితే...

జ్వరంతో మూలుగుతున్నప్పుడు అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అదే చెయ్యి ఓ రోబోదైతే? మంచం పట్టినవాళ్ల ఒళ్లు తుడిచే మరమనుషుల్ని తయారుచేస్తున్న శాస్త్రవేత్తలకు ఎదురైన ప్రశ్న ఇదే. రోబో ఎంత పనిమంతురాలైనా అది తాకగానే మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంటే లాభమేముంది!

అందుకే అమెరికాలోని జార్జియా టెక్‌లో చార్లీ కెంప్ బృందం ఓ పరీక్ష పెట్టింది. 'కోడీ' అనే నర్సు రోబో 56 మంది ముంజేతుల్ని తాకి, తుడిచింది. తుడిచిన తీరు అందరికీ ఒక్కటే. కాకపోతే, చెయ్యి శుభ్రం చేస్తోందని కొందరూ, తమని ఓదారుస్తోందని కొందరూ అనుకునేలా చేశారు. 2011లో ఫలితాలు వెల్లడించారు. శుభ్రం చేస్తోందనుకున్నవాళ్లకే ఆ స్పర్శ ఎక్కువ నచ్చిందట. ఓదార్పు అనుకున్నవాళ్లకి అంతగా రుచించలేదు!

ఇంకో వింత. ముందుగా చెప్పి తాకితే జనం కుదుటగా ఉంటారనుకున్నారు పరిశోధకులు. తీరా చూస్తే, చెప్పకుండా తాకడమే నయమన్నారు. యంత్రం ఉన్నట్టుండి మాట్లాడేసరికి ఉలిక్కిపడి ఉంటారని వారి అనుమానం.

అలాగని యంత్రం దగ్గర ఆప్యాయతే కుదరదా అంటే, అదీ కాదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన అలెక్సిస్ బ్లాక్, కేథరిన్ కుచెన్‌బెకర్‌లు రోబో కౌగిలింతలపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. 30 మంది పాల్గొన్నారు. గట్టిగా, చల్లగా ఉన్న రోబో కన్నా మెత్తగా, వెచ్చగా ఉన్నదే వాళ్లకి నచ్చింది. కాస్త బిగించి హత్తుకోవాలి, చాలనుకోగానే వదిలేయాలి... ఇదీ వాళ్ల కోరిక.

జపాన్ శాస్త్రవేత్త తకనోరి షిబాతా రూపొందించిన 'పారో'ది మరో దారి. తెల్లటి బొచ్చుతో సీల్ పిల్లలా ఉండే ఈ రోబో తనంతట తాను ఎవరినీ తాకదు. ఒళ్లో పెట్టుకుని నిమిరితే తల తిప్పుతుంది, కూతలు పెడుతుంది. మతిమరుపు జబ్బుతో బాధపడే వృద్ధులకు ఊరటగా చాలా దేశాల్లో దీన్ని వాడుతున్నారు.

మూడింటినీ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. పని కోసం తాకితే సరే, మనంతట మనం దగ్గరికి తీసుకున్నా సరే. అడగకుండానే జాలిపడి చెయ్యి నిమిరితేనే మనసు ఒప్పుకోవడం లేదు. ఒళ్లు తుడిచే పని రేపు రోబోకి అప్పగించినా, మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడానికి మాత్రం ఇంట్లో ఒకరు ఉండాల్సిందే.