తెల్లారకముందే కుక్కపిల్ల లేపేస్తోందా?

నాలుగున్నరకే కుయ్‌ కుయ్‌ మని మొదలు. పక్క ఫ్లాట్‌వాళ్లు ఏమంటారోనని లేచి ఎత్తుకుంటాం, నోట్లో ఓ బిస్కెట్‌ పెడతాం. అంతే, అది రేపటికి అలవాటు!

అసలు అది ఎందుకు లేస్తోందో ముందు చూడండి. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, సుమారుగా అన్ని గంటలే మూత్రం ఆపుకోగలదు. రెండు నెలల పిల్ల మూడు గంటలకే లేస్తే అది అల్లరి కాదు, అవసరం. నాలుగైదు నెలలు దాటాక కూడా అదే వరస అయితే అలవాటే అనుకోవచ్చు.

రాత్రి తిండి ఏడింటికల్లా పెట్టేయండి. పడుకునే ముందు ఓసారి బయటికి తిప్పండి. ఎండాకాలం నీళ్లు మాత్రం ఆపొద్దు. తెల్లవారుజామున ఏడిస్తే పెద్ద లైటు వేయకుండా, మాట్లాడకుండా తీసుకెళ్లి, పని కాగానే మళ్లీ పడుకోబెట్టండి. ఆట, తిండి మీరు లేచే వేళకే. రెండు మూడు రోజులకోసారి ఆ వేళని పది నిమిషాలు వెనక్కి జరపండి. కిటికీకి మందపాటి కర్టెన్‌ వేయండి.

కొట్టారో, భయంతో మంచం కింద చాటుగా పోస్తుంది. మాటిమాటికీ మూత్రం, విరేచనాలు ఉంటే వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

నాలుగు వారాల ఓపిక లేకే కొందరు పిల్లని వీధిలో వదిలేస్తారు. ఆ వారాలు గడిస్తే, ఆదివారం మీతోపాటు అదీ గుర్రుపెడుతుంది!